గడప దాటే ఇంటర్నెట్

ఉదయం తొమ్మిదిన్నరకు నేను స్కూటర్ తాళం చేతిలోకి తీసుకున్న చప్పుడు వినబడగానే లోపలి గదిలో నుంచి మా అమ్మాయి పిలిచేది: "బాపూ, ఒక్క పది నిమిషాలు ఆగవా, క్లాసు అయిపోవస్తున్నది." ఆ క్లాసు ల్యాప్‌టాప్‌లో నడుస్తుండేది. ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ నా చొక్కా జేబులో ఉన్న ఫోన్ నుంచి అందుతుండేది. నేను గడప దాటితే ఇంట్లోని ఇంటర్నెట్ కూడా నా వెంటే గడప దాటేది. ఆమె అడిగిన ఆ పది నిమిషాలు కొన్నిసార్లు ఆగాను, చాలాసార్లు ఆగలేదు. దుకాణాల వాళ్లు ఎదురుచూస్తుంటారన్నది నేను చెప్పుకున్న కారణం.

ఫోన్‌తో కంప్యూటర్‌కు ఇంటర్నెట్ పెట్టుకోవడం గురించి మా హన్మకొండలో రెండు మాటలు తరచుగా వింటుంటాను. ఫోన్‌లో రోజుకు రెండు జీబీ వస్తుండగా వేరే కనెక్షన్ దండగ అనేది ఒకటి. హాట్‌స్పాట్ మీద చేసే పని పనే కాదు, అది గతిలేని వాళ్ల ఏర్పాటు అనేది రెండోది. మొదటి మాట అనేవాళ్లు లెక్క తెలియక అంటారు, రెండో మాట అనేవాళ్లు అవసరం తెలియక అంటారు. ఇరవై ఏళ్లుగా ఏదో ఒక ఫోన్‌ను ఏదో ఒక కంప్యూటర్‌కు తగిలించి బతుకుతున్నవాడిగా నాకు తోచింది చెబుతాను: ఒక మనిషి పనికి ఫోన్ కనెక్షన్ నిక్షేపంలా సరిపోతుంది. అయితే అది ఎప్పటికీ ఆ ఫోన్ ఎవరి జేబులో ఉంటే వాళ్ల కనెక్షన్ మాత్రమే. దాన్ని ఇంటి కనెక్షన్ అని పిలుచుకుని ఊరుకుంటే, ఇంట్లో జేబు లేనివాళ్లు నష్టపోతారు.

నేను చిన్న వ్యాపారుల ఖాతాలు రాసి, వాళ్ల జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తాను. విత్తనాలు, పురుగుమందులు అమ్మేవాళ్లు, ఏనుమాముల మార్కెట్ దగ్గర అడ్తి దుకాణాల వాళ్లు, మండి బజారులో ఇద్దరు ముగ్గురు కిరాణా సేట్లు నా దగ్గరకు వస్తారు. ఈ పనికి కావలసిన డేటా చెబితే నవ్వుతారు. పోర్టల్‌లోకి వెళ్లడం, అంకెలు నింపడం, బ్యాంకు స్టేట్‌మెంటు దించుకోవడం, చలానా కట్టడం, ఇవన్నీ కలిపినా నా పనిదినం మూడు వందల ఎంబీ దాటదు. ఇంత చిన్న పనికి గోడ మీద పెట్టె, స్తంభం నుంచి తీగ అవసరమని నాకెప్పుడూ అనిపించలేదు.

అలవాటు కూడా పాతదే. 2003లో రిలయన్స్ వాళ్లు 501 రూపాయలకు ఫోన్ చేతిలో పెట్టిన రోజుల్లో ఊరంతా సీడీఎంఏ అనే పద్ధతిలో నడిచే ఫోన్లు కనిపించేవి. ఆ ఫోన్‌కు డేటా కేబుల్ తగిలించి, కంప్యూటర్‌లో హ్యాష్ 777 అనే నంబరు డయల్ చేస్తే ఇంటర్నెట్ వచ్చేది. వేగం కాగితం మీద 144 కేబీపీఎస్, అంటే సెకనుకు 144 కిలోబిట్లు, అనేవారు. సుబేదారిలోని నా అద్దె గదిలో అందులో సగం వస్తే ఆ రోజు పండుగ. ఆ తరువాత నోకియా ఫోన్లు, జీపీఆర్‌ఎస్ అనే డేటా పద్ధతి, దానికి డయల్ చేసే స్టార్ 99 హ్యాష్. ఆ ఫోన్లలో కాల్ వస్తే డేటా ఆగిపోయేది, కాల్ పెట్టేశాక మళ్లీ మొదలయ్యేది. 2010లో ఆండ్రాయిడ్ 2.2తో హాట్‌స్పాట్ అనే మాట వచ్చింది. డయల్ చేయవలసిన నంబరు లేదు, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ లేదు, ఒక మీట నొక్కితే చాలు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా ధర ఒక్కసారిగా పడిపోయి, నెలకు ఒక జీబీని చిల్లరలా లెక్కపెట్టుకుంటూ వాడినవాళ్లం రోజుకు ఒక జీబీకి అలవాటు పడ్డాం. గతిలేని ఏర్పాటు అనేవాళ్లు గమనించవలసిన సంగతి ఒకటుంది: మన దగ్గర చాలామందికి ఇంటర్నెట్ మొదట వచ్చిందే ఫోన్‌లో, కంప్యూటర్ దాని వెనకాల వచ్చి చేరింది.

ఆ మీట నొక్కినప్పుడు ఫోన్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం చిక్కులు వాటంతట అవే విడిపోతాయి. టవర్‌తో మాట్లాడే మోడెంగా ఫోన్ ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది. హాట్‌స్పాట్ పెట్టగానే దానికి ఇంకో రెండు పనులు తోడవుతాయి. ఒకటి, చుట్టూ వై-ఫై వెదజల్లడం. రెండు, తన వెనక చేరిన కంప్యూటర్లకు ఇంటి నంబర్లు పంచి, వాటి ఉత్తరాలన్నీ తన పేరు మీదే బయటకు పంపి, వచ్చిన జవాబులను ఎవరివి వాళ్లకు చేర్చడం. మన అపార్టుమెంట్లలో వాచ్‌మన్ చేసే పని లాంటిదే ఇది. పైగా ఫోన్ కంపెనీ కూడా వేలాది ఫోన్లను ఒకే చిరునామా వెనక ఇలాగే కూర్చోబెడుతుంది. అందుకే లోపలి నుంచి బయటకు వెళ్లడం సులువు, బయటి నుంచి నేరుగా లోపలికి రావడం కుదరదు. నర్సంపేట రోడ్డులో దుకాణమున్న ఒకాయన పాత ఫోన్ హాట్‌స్పాట్‌కు సీసీ కెమెరా పెట్టెను కలిపి, ఇంటి నుంచి నేరుగా దాని చిరునామాతో చూడాలని వారం రోజులు తంటాలు పడ్డాడు. తప్పు ఆయనదీ కాదు, కెమెరాదీ కాదు.

ఫోన్‌ను కంప్యూటర్‌కు కలపడానికి మూడు దారులున్నాయి. బ్లూటూత్‌ను ఇక్కడే పక్కన పెడతాను. బ్యాటరీ తక్కువ తింటుందన్నది నిజమే గానీ, ఎంత మంచి టవర్ ఉన్నా ఆ దారి సన్నదే. మిగిలినవి వై-ఫై, యూఎస్‌బీ తీగ. ఎవరిని చూసినా వై-ఫైనే వాడుతున్నారు, తీగ సంగతి చాలామందికి గుర్తే లేదు. బల్ల దగ్గర కూర్చుని చేసే పనికి తీగే మేలని నేను గట్టిగా చెబుతాను. వై-ఫై పెడితే ఫోన్ టవర్‌తో ఒక రేడియోలో, ల్యాప్‌టాప్‌తో మరో రేడియోలో ఎడతెగకుండా మాట్లాడుతూ బ్యాటరీని కరిగిస్తుంది. ఛార్జింగ్ పెట్టి వాడితే వేడెక్కుతుంది. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో, రేకుల షెడ్డు కింద ఉన్న దుకాణంలో ఛార్జింగ్ పెట్టి హాట్‌స్పాట్ నడిపిన ఫోన్‌ను చేతిలోకి తీసుకుంటే చుర్రుమంటుంది. కాసేపటికి అది ఛార్జింగ్ మానేసి, ఆ తరువాత తనే నెమ్మదిస్తుంది. తీగతో అయితే ఒక రేడియో భారం తగ్గుతుంది, ఇరుగుపొరుగు వై-ఫైల గోల అంటదు, ల్యాప్‌టాప్ నుంచి కొంత కరెంటు కూడా అందుతుంది. పాస్‌వర్డ్ కాజేసే పక్కింటి పిల్లల సమస్యా ఉండదు.

తీగ గురించి ఒక చిన్న విషయం ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నేను దీని మీద ఒక పూట మొత్తం పోగొట్టుకున్నాను. చౌరస్తాలో బండి మీద ముప్పై నలభై రూపాయలకు అమ్మే కేబుల్ ఒకటి కొని తెచ్చాను. ఫోన్ ఛార్జ్ అవుతున్నది, కంప్యూటర్ మాత్రం ఫోన్ ఉన్నట్టే గుర్తించడం లేదు. సెట్టింగులు తిప్పాను, డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, చివరికి ఫోన్‌నే అనుమానించాను. సాయంత్రం కడుపుమండి ఆ కేబుల్‌ను కత్తిరించి చూస్తే లోపల రెండే తీగలున్నాయి, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి. యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటుకు రెండు, డేటాకు రెండు ఉండాలి; చవక కేబుల్లో డేటా తీగలనే ఎగ్గొడతారు. ఇప్పుడు కేబుల్ కొనేటప్పుడు బండి దగ్గరే నిలబడి, అమ్మేవాడి ఫోన్‌కూ నా ల్యాప్‌టాప్‌కూ తగిలించి చూశాకే డబ్బులిస్తాను. "సారు, ఛార్జింగ్ కేబులే గదా, గింత పరీక్షనా" అని ఆ అబ్బాయి నవ్వుతాడు.

టవర్ సిగ్నల్ కూడా ఊహల మీద నడిచే విషయం కాదు. తెర మీద కనిపించే గీతలను నేను నమ్మను. ఫోన్ సెట్టింగుల్లో సిమ్ స్థితి అనే చోట మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తుంది; అది సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం. మా ఇంట్లో నేను కూర్చునే బల్ల మీద అది మైనస్ 112. పడమటి కిటికీ చువ్వల మధ్య పెడితే మైనస్ 86. ఈ లెక్కలో ప్రతి పదికీ పది రెట్లు తేడా కాబట్టి, బల్లకూ కిటికీకీ మధ్య ఉన్న ఆరడుగుల్లో సిగ్నల్ బలం దాదాపు నాలుగు వందల రెట్లు మారుతున్నది. రెండు మీటర్ల మంచి కేబుల్ ఒకటి కొని ఫోన్‌ను కిటికీలో కూర్చోబెట్టడంతో నా నెట్ కష్టాలు చాలావరకు తీరాయి. "టవర్ బాగలేదు" అని కంపెనీని తిట్టేవాళ్లలో సగం మంది ఫోన్‌ను బీరువా పక్కన పెట్టుకుని తిడుతున్నారని నా అనుమానం.

ఇంత చెప్పాక ఒక నెల ఇరవయ్యో తారీఖు సంగతి చెప్పాలి. నెలవారీ రిటర్ను, అంటే జీఎస్‌టీఆర్-3బీ, తరువాతి నెల 20వ తేదీలోగా వేయాలి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు రుసుము, వ్యాపారమేమీ లేని నిల్ రిటర్నుకైతే 20. ఆ సాయంత్రానికి నా దగ్గర ఏడుగురి రిటర్నులు మిగిలాయి. ఆరు గంటలకు కూర్చుని, కొత్త కేబుల్‌తో ఫోన్‌ను కలిపి, మొదటి రిటర్ను తెరిచాను. పేజీ తిరుగుతున్నది, తెరుచుకోవడం లేదు. పోర్టల్ రద్దీ అనుకున్నాను, ఇరవయ్యో తారీఖున అది మామూలే. ఇంతలో ఫోన్‌కు సందేశం వచ్చింది: ఈ రోజు డేటా వంద శాతం అయిపోయింది. ఉదయం నుంచి నేను వాడింది నూట యాభై ఎంబీ కూడా కాదు. మిగిలిన డేటా ఎవరు తిన్నారని వెతికితే దొంగ ఇంట్లోనే దొరికాడు. కంప్యూటర్ నాకు చెప్పకుండా తన అప్‌డేట్ దించుకుంటున్నది.

ఇందులో ఒక విడ్డూరముంది. తీగ మేలని ఇంతసేపూ వాదించిన నేను ఆ తీగ వల్లనే దెబ్బతిన్నాను. ఫోన్ యూఎస్‌బీ ద్వారా వస్తే విండోస్ దాన్ని వై-ఫైగా చూడదు, ఈథర్‌నెట్‌గా చూస్తుంది. ఈథర్‌నెట్ అంటే దాని లెక్కలో ఆఫీసుల్లో గోడ నుంచి వచ్చే తీగ. అక్కడ డేటాకు కొలత ఉండదు. కాబట్టి అది నిశ్చింతగా మూడు నాలుగు జీబీల అప్‌డేట్‌కు చెయ్యి పెడుతుంది, ఫోటోలను క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంది, తెరిచి మరిచిపోయిన పేజీలో వీడియోను ఆడిస్తుంది. వై-ఫై పేరు మీద నేను ఎప్పుడో "మీటర్డ్ కనెక్షన్", అంటే డేటాను కొలిచి వాడాల్సినది, అని గుర్తు పెట్టి ఉన్నాను. ఈథర్‌నెట్‌కు అలాంటి గుర్తు పెట్టే వీలు విండోస్ 10లో 2017 దాకా లేనే లేదు. తరువాత వచ్చింది గానీ, ఆ మీటను విడిగా మనమే నొక్కాలి. నాకు ఆ సంగతి ఆ సాయంత్రం దాకా తెలియదు. ఫోన్‌కు తాను రోజుకు ఒకటిన్నర జీబీ మీద బతుకుతున్నానని తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు. అది పెళ్లివారింటికి వచ్చిన చుట్టంలా విస్తరి ముందు కూర్చుని అడిగి మరీ వడ్డించుకున్నది.

డేటా అయిపోయిన తరువాత నెట్ పూర్తిగా ఆగదు, 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. "ఆగదు గదా" అని కంపెనీ ప్రకటనల్లో వినడానికి బాగుంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, లెక్క వేస్తే సెకనుకు 8 కేబీ. మూడు ఎంబీల బ్యాంకు స్టేట్‌మెంటుకు ఆరు నిమిషాల పైన. ఒక ఫోన్ రెండు జీబీల అప్‌డేట్‌ను ఆ వేగంతో దించాలంటే 69 గంటలు, అంటే దాదాపు మూడు రోజులు. 2004లో మన దేశపు బ్రాడ్‌బ్యాండ్ విధానం, కనీసం 256 కేబీపీఎస్ ఉంటేనే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనాలని చెప్పింది. 2023లో ఆ గీతను 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. అంటే రాత్రి ఎనిమిదికి మన చేతికి మిగిలేది ఇరవై ఏళ్ల కిందటి కనీసంలో నాలుగో వంతు, ఇప్పటి కనీసంలో ముప్పయ్యో వంతు. రెండో వైపు నుంచి చూసినా లెక్క వింతగానే ఉంటుంది: టవర్ బాగుండి 20 ఎంబీపీఎస్ వస్తే, ఒకటిన్నర జీబీ కోటా పది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. వేగం పెరిగిన కొద్దీ రోజు కుదించుకుపోతుంది. ఇటీవల కొన్ని ప్లాన్లలో 5జీకి కోటా లేదంటున్నారు, నిజమే. కానీ ఆ ఫోన్, ఆ టవర్, ఆ ప్లాన్ మూడూ కలిసినచోటనే.

ఆ రోజు ఏం చేశానంటే, యాడ్-ఆన్ డేటా ప్యాక్ వేయించుకుని, అప్‌డేట్‌ను ఆపి, రాత్రి పదకొండున్నరకు ఏడో రిటర్ను ముగించాను. ఈ పనిలో ఇంకో మెలిక కూడా ఉంది. రిటర్ను మీద సంతకానికి బదులు ఓటీపీ వాడితే, అది వ్యాపారి ఫోన్‌కు వెళుతుంది. నేను ఆయనకు ఫోన్ చేసి, "సేటూ, ఓటీపీ వచ్చిందా, చెప్పండి" అని అడగాలి. కొన్నేళ్ల కింద నేను వాడిన సిమ్‌లో కాల్ 4జీ మీద వెళ్లేది కాదు. కాల్ కలపగానే ఫోన్ 4జీ వదిలి 2జీలోకి దిగేది, దానితో కంప్యూటర్‌కు నెట్ పోయేది. ఓటీపీ అడగాలంటే కాల్ చేయాలి; కాల్ చేస్తే ఓటీపీ నింపవలసిన పేజీ పోతుంది. సేటు ఆరు అంకెలు చదివి, పెట్టేసి, నెట్ మళ్లీ వచ్చేలోగా పోర్టల్ మళ్లీ మొదటికి పంపేది. చివరికి పక్క దుకాణం అబ్బాయి ఫోన్ అడిగి తీసుకుని ఓటీపీలు రాయించుకునేవాణ్ణి. వోల్ట్ (VoLTE), అంటే కాల్ కూడా 4జీ మీదే వెళ్లే పద్ధతి, వచ్చాక ఆ బాధ తప్పింది. ఇప్పటికీ సెట్టింగుల్లో వోల్ట్ ఆపి ఉన్న ఫోన్లు కనిపిస్తుంటాయి. హాట్‌స్పాట్ మీద కాల్ వస్తే నెట్ పోతుందని ఎవరన్నా, నేను మొదట చూసేది ఆ మీటనే.

ఇక టవర్ మన ఒక్కరిది కాదు. రెండేళ్లకొకసారి మేడారం జాతరలో తాడ్వాయి దాటినవాళ్లకు ఇది అనుభవమే. తాత్కాలిక టవర్లు పెట్టినా, లక్షల ఫోన్లు ఒక్కచోట చేరితే ఒక చిన్న సందేశం పోవడానికీ గద్దెల నుంచి జంపన్నవాగు దాకా నడవాల్సి వస్తుంది. అదే రద్దీ చిన్న మోతాదులో ప్రతి రాత్రీ ఎనిమిది నుంచి పది దాకా మన కాలనీలోనూ ఉంటుంది. అందుకే నా పనిని పొద్దున్నే ఐదున్నరకు పెట్టుకున్నాను.

ఇవన్నీ ఒక మనిషి నేర్చుకుని దిద్దుకోగల విషయాలు. తీగ మార్చుకోవచ్చు, కిటికీ వెతుక్కోవచ్చు, మీట నొక్కవచ్చు, పొద్దున్నే లేవవచ్చు. నేను దిద్దుకోలేకపోయింది మొదట చెప్పిన సంగతి, ఉదయం తొమ్మిదిన్నర.

మా చిన్నతనంలో ల్యాండ్‌లైన్ ఉన్న ఇళ్లలో అది హాల్లో స్టూలు మీద, అల్లిక గుడ్డ కప్పుకుని కూర్చునేది. ఎవరు బయటికి వెళ్లినా అది వెళ్లేది కాదు. 1995లో మన దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చినప్పుడు ఆ ల్యాండ్‌లైన్ మీదనే వచ్చింది. నెమ్మదిగా వచ్చినా ఇంటికి వచ్చింది. టీవీ కూడా ఇంటిదే. 2020 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలోనూ టీశాట్‌లోనూ పాఠాలు చెప్పినప్పుడు, పాఠం బాగుందా లేదా అన్నది వేరే మాట, టీవీ ఉన్న ఇంట్లో ఉన్న పిల్లకు అది అందింది. అప్పుడు మా అమ్మాయి ఏడో తరగతి, ప్రైవేటు బడి. దాని పాఠాలు నా ఫోన్‌లో వచ్చేవి. లాక్‌డౌన్ సడలి నేను బయటికి తిరగడం మొదలుపెట్టగానే ఆ పాఠాలు మధ్యాహ్నం తరువాతికి, ఎవరో పంపే రికార్డింగులకు మారిపోయాయి. ఆ పిల్ల ఫిర్యాదు చేయలేదు. అందువల్ల నేను గమనించలేదు.

ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. చదువు చెడుతుందని స్మార్ట్‌ఫోన్ కొనివ్వలేదు, బదులుగా ల్యాప్‌టాప్ కొనిచ్చాం. చాలా ఇళ్లలో చేసే పనే ఇది, మేమూ గర్వంగానే చేశాం. కొనిచ్చిన ల్యాప్‌టాప్‌కు నెట్ మాత్రం నా జేబులో ఉంచుకున్నాను. మా ఆవిడ టీచరు, ఎనిమిదింటికే తన ఫోన్‌తో బడికి వెళుతుంది. ఇంట్లో మిగిలేది మా అమ్మ, ఆమె చేతిలో మీటల ఫోన్. అంటే పగటి పూట మా ఇంట్లో ఇంటర్నెట్ అవసరమున్న ఒకే ఒక్క మనిషికి ఇంటర్నెట్ లేదు. వీధిలో ఉన్న ఇద్దరికీ, వాళ్లకు అంతగా అవసరం లేని వేళ, దండిగా ఉన్నది.

ఇంట్లో నలుగురికి నాలుగు ఫోన్లుంటే ఈ సమస్య ఎక్కడిది అని ఒక మిత్రుడన్నాడు. నాలుగు ఫోన్లున్న ఇళ్లలో కూడా నేను చూసింది ఏమిటంటే, ఎక్కువ డేటా ఉన్న ప్లాన్ బయట తిరిగే మగవాడి ఫోన్‌లో ఉంటుంది. ఇంట్లో ఉండే వాళ్ల ఫోన్‌లో సిమ్ బతికుండటానికి సరిపడా రీఛార్జ్ ఉంటుంది. ఒకరిని "కొంచెం హాట్‌స్పాట్ ఇయ్యవా" అని అడగవలసి రావడంలోనే ఒక లోకువ ఉంది. అన్న తమ్ముడికి ఇస్తాడు, విసుక్కుంటూ ఇస్తాడు. కోడలు మామను అడగదు. అడగవలసిన అవసరం లేనంత వరకు అది చిన్న విషయంలాగే కనిపిస్తుంది.

కాబట్టి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాను, అదీ చెబుతాను. 399 ప్లాన్, 18 శాతం జీఎస్టీ కలిపి 471 రూపాయలు. పన్ను విడిగా రాసి చూసుకోవడం నా వృత్తి రోగం. తీగ ఎదురు స్తంభం నుంచి మా డాబా మీదుగా వచ్చింది. మొదటి నెలలోనే కోతులు దాని మీద ఊగి తెంపాయి. హన్మకొండలో డాబా ఇళ్లున్నవాళ్లకు ఈ కోతుల సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. వచ్చి అతికించారు, మళ్లీ తెగింది. మూడోసారి మురుగు కాలువ కోసం వీధి తవ్వినప్పుడు స్తంభమే వంగింది. ఆ మూడు నెలల్లో బ్రాడ్‌బ్యాండ్ పని చేసిన రోజులకన్నా నేను కిటికీలో ఫోన్ పెట్టిన రోజులే ఎక్కువ. తీగ చక్కగా నిలిచే వీధుల్లో ఉన్నవాళ్లు దాన్నే పెట్టించుకోవాలి, అందులో రెండో మాట లేదు. పరకాల దగ్గర మా అన్న వాళ్ల ఊరికి ఫైబర్ వచ్చిందంటారు, పంచాయతీ ఆఫీసు దాకా వచ్చింది. అక్కడి నుంచి అన్న ఇంటికి ఇంకా ఐదు వందల గజాలుంది.

చివరికి మా ఇంట్లో కుదిరిన ఏర్పాటు చాలా మామూలుది. గాజు పగిలిందని పక్కన పడేసిన నా పాత ఫోన్ ఒకటుంది. దానికి విడిగా ఒక సిమ్ వేసి, 28 రోజులకు మూడు వందల చిల్లర ప్లాన్ పెట్టి, పడమటి కిటికీలో శాశ్వతంగా కూర్చోబెట్టాను. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జులవుతాయి. మొత్తం నాలుగు వేలకు కొంచెం అటూ ఇటూ. ల్యాప్‌టాప్‌లో దాని పేరుకు మీటర్డ్ గుర్తు పెట్టాను. వీడియో పాఠాల స్పష్టతను 480 దగ్గర ఆపితే, గంటకు దాదాపు అర జీబీ పడుతుంది. పెద్ద తెర కదా అని పెంచుకుంటూ పోతే మధ్యాహ్నానికే కోటా ముగుస్తుంది, అది మా అమ్మాయి ఒక్క వారంలో నేర్చుకున్నది. కరెంటు పోయినా ఈ ఏర్పాటు నడుస్తుంది. ఎండకాలపు కోతల్లో బ్రాడ్‌బ్యాండ్ పెట్టెకు ఆ భాగ్యం లేదు. ఆ సిమ్ ఎవరి జేబుదీ కాదు, దాని నంబరు కూడా నాకు నోటికి రాదు.

దీనికి ఒక్క జాగ్రత్త కావాలి. రోజంతా ఛార్జర్‌కు తగిలించి ఉంచిన ఫోన్ బ్యాటరీ కొంతకాలానికి ఉబ్బుతుంది, ఎండ తగిలే కిటికీలో అయితే ఇంకా తొందరగా ఉబ్బుతుంది. అందుకని ఎండ పడేవేళకు ముందే కర్టెన్ వేస్తాం, రాత్రి ఛార్జర్ తీసేస్తాం. ప్రతి ఆదివారం పొద్దున మా అమ్మాయి ఆ ఫోన్‌ను వెనక వైపు కిందికి వచ్చేలా నున్నటి టీపాయ్ మీద పెట్టి, మూల పట్టుకుని ఒక్క తిప్పు తిప్పుతుంది. వీపు చదునుగా ఉంటే అది జరిగి, వెంటనే ఆగుతుంది. గిర్రున బొంగరంలా తిరిగితే లోపల బ్యాటరీ ఉబ్బినట్టు. పోయిన ఆదివారం ఒకటిన్నర చుట్టు తిరిగింది. మంగళవారం చౌరస్తాకు వెళ్లినప్పుడు కొత్త బ్యాటరీ వేయించుకు రావాలి. ఆ ఒక్క పూట మాత్రం పాత పద్ధతే: తను క్లాసు ముగిసిందనే దాకా నేను ఇంట్లోనే ఉంటానని చెప్పాను.